ఇంగిలీకం, పాదరసం, ఇద్దరు నాగార్జునులు

మాధ్యమిక దర్శన కర్తయైన ఆచార్య నాగార్జునుడే పాదరసాన్ని ఔషధంగా మలచిన సిద్ధుడన్న నమ్మకం తెలుగునాట నేటికీ బలంగా ఉంది. కాలక్రమం ఈ నమ్మకానికి అనుకూలించదు. దార్శనికుని కాలం సుమారు క్రీ.శ. 2వ శతాబ్ది. చరక, సుశ్రుత సంహితలలో పాదరసానికి దక్కిన చోటు అత్యల్పం. రసౌషధాలు వైద్యంలో స్థిరపడింది అనేక శతాబ్దాల తరువాతనే. రసవాది నాగార్జునుడు సోమనాథ సమీపంలోని దైహక్ కోటకు చెందినవాడనీ, తనకు దాదాపు నూరేళ్ల ముందువాడనీ అల్ బిరూనీ 1030 ప్రాంతంలో రాశాడు. రసేంద్రమంగళం వంటి గ్రంథాలను మూలమధ్యమకకారిక రచయితకు అంటగట్టడం తగదు.

అయినా ఈ కలయిక అకారణం కాదు. విహార నిర్మాణానికి శాతవాహన రాజు వద్ద ధనం చాలనప్పుడు నాగార్జునుడు రాళ్లపై దివ్యౌషధం చల్లి బంగారం చేశాడన్న కథను హుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దిలోనే నమోదు చేశాడు. స్థలనామం కూడా దీనికి తోడైంది. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలోని శ్రీపర్వతం పేరే శ్రీశైలానిదీ. తరువాతి రసగ్రంథాలకు శ్రీపర్వతం సిద్ధిక్షేత్రం.

ఇక ద్రవ్యం సంగతి. ఇంగిలీకం, అనగా హింగుళం, బరువులో 86 శాతం పాదరసమే. దానిని నిమ్మరసంతో నూరి కుండలో ఉంచి, మరొక కుండను మూతికి మూతి కలిపి బోర్లించి, మట్టిగుడ్డతో సంధి మూసి కింద మంట పెడతారు. పై కుండను తడిగుడ్డతో చల్లబరిస్తే పాదరసం ఆవిరై పైకి చేరి అక్కడ అంటుకుంటుంది. ఇదే డమరుయంత్రం. ఆ రసాన్ని గంధకంతో నూరితే నల్లని కజ్జలి; కజ్జలిని వాలుకాయంత్రంలో పండిస్తే ఎర్రని రససిందూరం. విచిత్రమేమంటే రసాయనికంగా ఇది మళ్లీ ఇంగిలీకమే. ఈ సల్ఫైడు నీటిలో దాదాపు కరగదు గనుక నిరపాయమని కొందరి వాదన. కాని విడి పాదరసం మిగిలితే మూత్రపిండాలకూ నాడీమండలానికీ ముప్పు. అశుద్ధ రసం విషమని రసశాస్త్రమే హెచ్చరించింది. ఆచార్యుని పేరు ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కాజాలదు.

రసవిద్యతో బౌద్ధానికి నిజమైన సంబంధాన్ని వెదకవలసింది వేరొక దారిలో. 11వ శతాబ్ది నాటి కాలచక్ర సంప్రదాయం రసాయనాన్ని చర్చించింది. పాదరస శోధన విధానాన్ని టిబెట్‌కు చేర్చినవాడు ఉర్గ్యెన్‌పా రిన్‌చెన్ పల్ (1230–1309) అనే బౌద్ధ సిద్ధుడని టిబెటన్ వైద్యుల పరంపర చెబుతుంది. అక్కడ త్సోతెల్ అని పిలిచే ఆ శోధిత భస్మం సోవా రిగ్పా వైద్యుల అమూల్య గుళికలలో నేటికీ చేరుతూనే ఉంది.