ఓడిపోయిన కేసు, మిగిలిపోయిన మాట

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ పలాస స్టేషన్లో దిగి షేర్ ఆటో ఎక్కాను. పక్కన బొడ్డపాడు వెళ్తున్న ఓ పెద్దాయన. ఎక్కడ పని, జీతమెంత లాంటి మామూలు ఇంటర్వ్యూ అయిపోయాక మాటలు 1969 మీదకి మళ్ళాయి. "విశాపట్నం జైలు గోడకి కరెంటు పెట్టీసినారు బాబూ. దాని మీద మనోళ్ళు ఢిల్లీ కోర్టు దాకా ఎల్లినారు. ఏటయిందో మరి!" అన్నాడు. నాకూ తెలీదు. కాస్త సిగ్గేసింది. హైదరాబాద్ వచ్చాక ఆ తీర్పు వెతికి చదివాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఉద్యమం అక్కడ రాజుకుని కొండల నుంచి ఉద్దానం తీరం దాకా పాకింది. బొడ్డపాడు కుర్రాడు పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు 1969 మే 27న పోలీసుల చేతిలో చనిపోయారు. వందమందికి పైగా పార్వతీపురం కుట్ర కేసులో ఇరుక్కున్నారు. 1969 అక్టోబరులో నాగభూషణ్ పట్నాయక్, ఇంకొందరు విశాఖ సెంట్రల్ జైలు నుంచి తప్పించుకున్నారు. అక్కడ కాపలా ఎంత బిగిసిందంటే జైలు చుట్టూ స్పెషల్ పోలీసులు, గోడ పైన హై వోల్టేజి కరెంటు తీగ! దాని మీదే భువన్ మోహన్ పట్నాయక్, తోటి ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

1974 సెప్టెంబరులో తీర్పు రాసింది జస్టిస్ వై.వి. చంద్రచూడ్. పుణే మనిషి, బొంబాయి హైకోర్టు నుంచి 1972లో సుప్రీంకోర్టుకి వచ్చారు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ: శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవు. ఇష్టమొచ్చినట్టు తిరిగే స్వేచ్ఛ పోతుంది గానీ, 21వ అధికరణం ఇచ్చిన ప్రాణరక్షణ ఖైదీకీ ఉంటుంది. జైలు అధికారులు ఆ హక్కుని తాకితే, అందుకు చట్టం ఆధారం చూపించాల్సిందే.

ఇంత మంచి మాట చెప్పి, చివర్లో పిటిషన్ కొట్టేశారు! రోజూ చేసుకునే పనుల్లో ఖైదీలకి ఆ తీగ తగిలే అవకాశం లేదు, జైలు నుంచి పారిపోయే హక్కు ఎవరికీ లేదు అన్నారు. అంటే సూత్రం గెలిచింది, మనుషులు ఓడిపోయారు.

ఇక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణి కాదు. రెండేళ్ళు తిరక్కుండానే, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో ఏడీఎం జబల్‌పూర్ తీర్పు వచ్చింది. అక్రమంగా నిర్బంధించారని కోర్టుకి వచ్చేవాడికి హెబియస్ కార్పస్ కూడా దొరకదని నలుగురు జడ్జీలు అన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ నలుగురిలో చంద్రచూడ్ ఒకరు. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ కరెక్టుగా రాసిన మనిషే దాన్ని పిలవాల్సిన చోట పిలవలేదు. 2017లో పుట్టస్వామి కేసులో ఆ తీర్పు తప్పని రాసినవారిలో ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్ ఉన్నారన్నది అందరూ చెప్పుకునేదే. విశాఖ జైలు సంగతే ఎవరూ చెప్పుకోరు.

అయితే ఆ మాట ఊరికే పోలేదు. 1978లో తీహార్ జైలు ఖైదీల ఏకాంతవాసం, సంకెళ్ళ మీద సునీల్ బాత్రా కేసు వచ్చినప్పుడు కోర్టు పట్టుకున్న ఆధారాల్లో విశాఖ తీర్పు ఒకటి. అప్పటికి చంద్రచూడ్ చీఫ్ జస్టిస్. 1978 ఫిబ్రవరి నుంచి 1985 జులై వరకు ఉన్నారు. అంతకాలం ఆ కుర్చీలో ఇంకెవరూ లేరు.

దిగిపోవడానికి ఒక రోజు ముందు, 1985 జులై 10న, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళ కేసులో, ఓల్గా టెలిస్ కేసులో, తీర్పిచ్చారు. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందన్నారు. చివరికి మాత్రం, వానాకాలం పోయాక ఖాళీ చేయించుకోవచ్చన్నారు. మళ్ళీ అదే కథ.

బొంబాయి మనకెందుకు అనుకోకండి. 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కన కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసులు కాల్చారు. ప్రాణాలు పోయాయి. అక్కడి రైతులూ మత్స్యకారులూ అన్నది ఒకటే: ఈ తడినేల పోతే మా బతుకు పోతుంది. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఆర్డరు కాగితం మీద ఉంది, మనుషులు లేరు.

ఒక జడ్జిని దేనితో కొలవాలి? చెప్పిన సూత్రంతోనా, ఆ రోజు ఎదురుగా నిలబడ్డవాడికి ఏం దక్కింది అన్నదానితోనా? నా మటుకు రెండోదే ముందు. కాకపోతే మొదటిది లేకపోతే తర్వాత వచ్చేవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఈసారి ఆటోలో ఆ పెద్దాయన కనబడితే, "ఓడిపోయారు తాతా" అనే చెప్తాను. "మరయితే ఎందుకెళ్ళినట్టు?" అంటే తీహార్ సంగతి చెప్తాను.