జప్తుకు అందని పుస్తెలు

మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటే అర్థం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట రెండక్షరాలై తెలుగులో కలిసిపోయింది. అప్పులిచ్చినవాళ్లకి రూపాయికి ఎంత వస్తుందన్నదే ఆ తర్వాత ఊరంతా చెప్పుకునే సంగతి. ఆ ఇంటి ఆడమనిషికి ఏం మిగిలిందో ఎవరికీ పట్టదు. చట్టం మాత్రం ఆ ప్రశ్న వేసుకుంది. ఏ తీరులో వేసుకుందో చూడాలి.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో జప్తు చేయకూడని వస్తువుల జాబితా ఉంది. బాకీదారు, అతని భార్యాపిల్లల అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు. చేతివృత్తివాళ్ల పనిముట్లు. రైతు అయితే వ్యవసాయ పరికరాలు, బతుకుతెరువుకు కావలసిన పశువులు, విత్తనాలు, ఇల్లు. జప్తుకు రానివి దివాలా ఆస్తిలోకీ రావని 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం చెప్పింది.

1882 కోడ్‌లో ఇంటి సామాన్ల వరకూ చూస్తే కట్టుబట్టలకే మినహాయింపు. వంటపాత్రలు, పక్కబట్టలతోపాటు 1908లో కొత్తగా వచ్చి చేరినవి మరికొన్ని ఉన్నాయి: మతాచారం ప్రకారం ఏ స్త్రీ అయినా వదులుకోకూడని ఒంటిమీది నగలు. అంటే మన దగ్గర ముఖ్యంగా పుస్తెలు.

కమ్మరి సుత్తిని వదిలేయడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది, రేపు అతను బతకాలి. రైతు ఎడ్లకీ అదే కారణం. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి కారణం మారిపోయింది. ఆమె బతకడానికి అవి అవసరమా అని చట్టం అడగలేదు, తీయడానికి ఆచారం ఒప్పుతుందా అని అడిగింది. ఆపదలో అమ్ముకోగలిగిన గొలుసుకీ గాజులకీ ఆ రక్షణ లేదు. అవి తన స్త్రీధనమని ఆమె రుజువు చేసుకోవాలి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారానికి రసీదులు దాచుకున్న ఆడవాళ్లు మనలో ఎంతమంది? ఇక భర్త పోయాక పుస్తెలు తీసేసే ఆచారం ఉన్నచోట, ఈ సెక్షన్ కాపాడడానికి ఆమె మెడలో ఏమీ మిగలదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సెక్షన్ ఆపేది కోర్టు జప్తునే. భర్తో కొడుకో అడిగితే ఆమె చేతులారా తీసి ఇచ్చే తాకట్టును ఆపదు. ఐపీ దాకా వచ్చిన ఇంట్లో బంగారం అంతకుముందే తాకట్టు కొట్టుకు చేరిపోయి ఉండడం మనకు కొత్త కాదు. 

భార్యను గుర్తుపెట్టుకున్న చట్టం ఇంకొకటి ఉంది, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. భర్త తన ప్రాణంమీద భార్యాపిల్లల కోసం తీసుకున్న బీమా పాలసీ వాళ్లకి ట్రస్టుగా ఉంటుంది, మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్నదైతే తప్ప అతని అప్పులవాళ్లకి అందదు. అది హిందువులకు వర్తిస్తుందా లేదా అన్న తగాదాను మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ‘బాలాంబ – కృష్ణయ్య’ కేసులో వర్తిస్తుందని తేల్చింది. తర్వాత 1923లో చట్టాన్నే సవరించారు. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకూ, మిగతాచోట్ల 1923 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్నవాటికీ వర్తింపజేశారు. ఇది నిజంగా డబ్బు రూపంలో ఉన్న రక్షణ. కాకపోతే భర్త తలచుకుని పాలసీ రాస్తేనే.

2016లో దివాలా స్మృతి వచ్చింది. వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. అందులో ‘స్త్రీ’ అన్న మాట పోయింది, బాకీదారు లేదా కుటుంబం నగలు అన్నారు. మతాచారం షరతు మాత్రం అలాగే ఉంది. పైగా తాకట్టులో ఉండకూడదు. ఆ హామీదారుల విషయంలో విలువ లక్ష రూపాయలు దాటకూడదని 2019 నిబంధనల్లో రాశారు.

వందేళ్లు దాటినా కొలబద్ద మారలేదు. పుస్తెలు వదిలేయమని నేను అనడం లేదు, వాటి పక్కన ఇంకేం ఉండాలో అడుగుతున్నాను. ఆమె కుట్టుమిషను మీద బతుకుతుంటే, కమ్మరి సుత్తిని చూసినట్టే దాన్నీ చూడాలి. ఆమె పేరున పొలమో ఇల్లో ఉంటే, ఆమె హామీ సంతకం పెట్టనంతవరకూ, భర్త ఐపీ పెట్టిన రోజున మినహాయింపుల జాబితాలో తనకేం రాశారో వెతుక్కోవలసిన అవసరమే ఆమెకు రాదు.