రెండు సంతకాలు

ఆ కందికట్టె ఇటు జరుపు బిడ్డా, పొగంత నీ కండ్లల్లకే పోతున్నది. సంక్రాంతి సెలవులకొచ్చి మూడు దినాలాయె, ఆ ఫోను మొఖం చూసినంత మా మొఖం చూస్తలేవు. కాలేజీ ఎట్లున్నదని మీ అమ్మ అడిగితె "మంచిగున్నది" అంటవు. నేను గూడ గంతే అన్న, 1975ల. ఆర్నెల్లు మంచిగున్నదనే అన్న.

సిద్దిపేటల బీయే చేసిన, అంత తెలుగు మీడియం. 1969 తెలంగాణ ఉద్యమంల ఒక ఏడు సదువు పోయింది గనుక నా ఈడోళ్లకంటె ఎనుకనే ఉన్న. ఉస్మానియాల ఎమ్మే ఎకనామిక్సుకు సీటొచ్చింది. రేకు పెట్టె, బొంత, మామిడికాయ తొక్కు సీసా పట్టుకోని హైదరాబాదు గౌలిగూడల దిగిన. అప్పటి బస్టాండంటె విమానాలు పెట్టెటంత పెద్ద రేకుల షెడ్డు. 2018ల కూలింది చూడు, గదే. ఊర్లె రచ్చబండ కాడ నేను నోరు తెరిస్తె ఇంకోనికి సందు దొరకకపోయేది. ఆడ దిగినంక రిక్షాయన ఎటు పోవాల్నని అడిగితె గొంతు రాలే.

ఆర్ట్స్ కాలేజీ నువ్వు చూసినవు గద. 1939ల నిజాం తెరిచిండు. గులాబి రంగు రాయి, ఆ మెట్లెక్కుతుంటె మనిషి పొట్టిగైనట్టే ఉంటది. ఇంకో ముచ్చట ఇను. 1918ల ఆ యూనివర్సిటీ పెట్టిందే ఉర్దూల సదువు చెప్పెతందుకు. డాక్టరీ, ఇంజనీరింగు గూడ ఉర్దూలనే. ఇంగ్లీషు పుస్తకాలు ఉర్దూలకు తిప్పెటందుకు ఒక తర్జుమా దఫ్తరే పెట్టిండ్రు. 1948 తర్వాత రాజ్యం మారింది, ఇంగ్లీషొచ్చి కుర్చీల కూసున్నది. మన తెలుగు అప్పుడూ నిలబడే ఉండె, ఆ తర్వాత గూడ నిలబడే ఉండె. కవి సినారె డిగ్రీ దాక ఉర్దూల సదివి, అదే యూనివర్సిటీల తెలుగు పాఠం చెప్పిండు. ఆయనకు చెల్లింది. నాకు చెల్లాలె గద?

క్లాసుల సారు "ఎలాస్టిసిటీ, ఎలాస్టిసిటీ" అని గంటసేపు చెప్పిండు. అందరు రాసుకుంటున్నరు. నేను గూడ తల ఆడిచ్చుకుంట నోటుబుక్కుల గీతలు గీసిన. ఇట్ల ఎన్ని దినాలనుకున్నవ్? పండుగ ఎల్లిందాక. ఒకనాడు రాత్రి రూముల, సిద్దిపేట నుంచి తెచ్చుకున్న తెలుగు అకాడమీ పుస్తకం ఊకెనే తిప్పుతున్న. సారు బోర్డు మీద ఏసిన బొమ్మ ఆడ కనవడ్డది. కింద "డిమాండ్ వ్యాకోచత్వం" అని ఉన్నది. ఓరినీ, ఇదా! ఇది నాకు రెండేండ్ల కిందనే నోటికొచ్చు గద! ఆ రాత్రే కాయితం నడుమల గీత గొట్టి, ఓ దిక్కు ఉపాంత ప్రయోజనం, ఇంకో దిక్కు మార్జినల్ యుటిలిటీ, అట్ల రాసుకుంట పోయిన. తెల్లారెవరకు నాలుగు పుటలు నిండినయి. సదువు తిప్పలు అట్ల సగం తీరినయి.

మిగిలిన సగం సదువుది కాదు బిడ్డా. రూముల నాతోని హన్మకొండ పిలగాడు ఉండె, మిషన్ బడిల సదివిండు. వాని అంగీ కాలరు వేరే, నవ్వు వేరే, సంతకం అయితె మరీ వేరే. పేరు రాసి, కింద పాము తోక లెక్క ఒక్క గుంజు గుంజుతుండె. పాత కాయితాల మీద నేను గూడ గదే సాధన చేసిన. నా పేరు ఇంగ్లీషుల, కింద తోక.

నాయిన నెలకు అరవై రూపాయల మనియార్డరు పంపుతుండె. ఆయనకు సదువు రాదు, ఊరి పోస్టుమాను ఫారం రాస్తె ఏలిముద్ర ఏస్తుండె. పైసలు నాకు ముట్టినంక నేను సంతకం పెట్టిన చీటి వాపసు ఊరికి పోతుండె. పైసలు ముట్టిన కబురు గదే, నేను బతికున్న కబురు గూడ గదే.

జనవరిల ఒకసారి, ఫిబ్రవరిల ఒకసారి చీటి మీద తోక సంతకం పెట్టిన. మార్చిల పొద్దుగాల తలుపు తీస్తె, రుమాలు చుట్టుకోని నాయిన నిలబడ్డడు. నన్ను మీది నుంచి కిందికి చూసిండు. "పానం మంచిగున్నదా?" అన్నడు. ఉన్నదన్న. చేసంచిల నుంచి దారంతోని కట్టిన చీటీల కట్ట తీసిండు.

"ఏదీ, నా ముందల ఒక సంతకం పెట్టు."

ఏంది నాయినా అంటె ఇనడు. పెన్ను తీసి తెలుగుల పెట్టిన. ఆయన ఎన్కటి చీటీలు ఒక్కొక్కటి దాని పక్కన పెట్టి వంకరలు చూసిండు. తలకట్టు మీద ఏలు పెట్టి, మల్ల చీటి మీద ఏలు పెట్టి, అట్ల. అక్షరం రాదు గని ఆ రూపం మాత్రం ఎడ్ల గిట్టల లెక్క గుర్తు పట్టిండు.

"ఇది నువ్వు. మరి గీడు ఎవడు?" అని ఆఖరి రెండు చీటీలు ముందల ఏసిండు. "రెండు నెలల సంది నా పైసలు ఎవడో తింటున్నడు. నువ్వు ఉపాసం ఉంటున్నవేమోనని మీ అవ్వ బువ్వ తింటలేదు."

హన్మకొండోడు మంచం మీద లేచి కూసోని ఇంటున్నడు. భూమి పగిలితె అండ్లకు పోదామనిపిచ్చింది. నేనే పెట్టిన, అది ఇంగ్లీషు సంతకం నాయినా అన్న. ఆయన కొద్దిసేపు ఏం మాట్లాడలే. "చెప్పొద్దార మరి? బస్సు పైసలు దండుగైనయి" అని, సంచిల నుంచి అవ్వ చేసిన సకినాలు తీసి ముందుగాల హన్మకొండోనికే పెట్టిండు.

ఆ తర్వాత మనియార్డరు చీటి మీద తెలుగే పెట్టిన. హాజరు పట్టీకి, బ్యాంకుకు తోకదే.

నాయిన పోయినంక పెట్టె తెరిస్తె చీటీలన్ని ఉన్నయి బిడ్డా, రెండేండ్లవి. ఒక్క దారంతోని కట్టి పెట్టిండు. ఆ జనవరి, ఫిబ్రవరి చీటీలు మాత్రం అండ్ల లేవు, ఇంకో దారంతోని వేరేగ కట్టి పక్కన పెట్టిండు. ఆఖరి దాక నమ్మనే లేదు ముసలాయన.