కొత్త ముక్కుకు ఊపిరి

అద్దం ముందు నిలబడి, నోరు మూసుకుని, ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి పీల్చండి. ముక్కుపుటాలు కాస్త లోపలికి లాక్కున్నట్టు కనిపించవచ్చు. ఇప్పుడు ముక్కు పక్కనున్న చెంపను వేలితో చెవి వైపుకు లాగి మళ్లీ పీల్చండి. చాలామందికి గాలి సులువుగా వెళ్తుంది. మీరు వేలితో వెడల్పు చేసిన ఆ ఇరుకు చోటే ముక్కును తిరిగి నిర్మించే వైద్యులను చాలాకాలం ఇబ్బంది పెట్టింది.

తెగిన ముక్కును అతికే విద్య మన దేశంలో పుట్టిందని మీరు చదివే ఉంటారు. ముక్కు కొలతకు ఒక ఆకును కత్తిరించి, ఆ మేరకు చెంప చర్మాన్ని ఒక వైపు అంటుకునే ఉండేటట్టు కోసి, ముక్కు స్థానంలో అతకమంటుంది సుశ్రుత సంహిత. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ వెంటనే ఉన్న మాటను మాత్రం తరచు దాటేస్తారు. ఊపిరి ఆడటానికి కొత్త ముక్కులో రెండు గొట్టాలు పెట్టాలట! నాకైతే అసలు గొప్పతనం ఆ గొట్టాల్లోనే కనిపిస్తుంది.

కోవాస్‌జీ కథ కూడా ఇలాంటిదే. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే ఇతడు 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి, ముక్కూ ఒక చేయీ పోగొట్టుకున్నాడు. ఏడాదికి పైగా ముక్కు లేకుండానే గడిపాడు. తరువాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతని నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. 1794లో లండన్ ‘జెంటిల్‌మన్స్ మాగజైన్’ ఈ పద్ధతిని వివరించింది. పదో రోజున ముక్కు రంధ్రాల్లో మెత్తని గుడ్డపేలికలు పెట్టి తెరిచి ఉంచేవారని కూడా రాసింది. అది చదివిన కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండన్‌లో ఆ పద్ధతిని ప్రయోగించాడు.

అయితే గొట్టమైనా గుడ్డ అయినా ఏదో ఒకనాడు తీయక తప్పదు. తీశాక ఏమవుతుంది? పైచర్మం ఉంది గాని లోపల శ్లేష్మ పొర లేదు, నిలబెట్టే ఆధారమూ లేదు. లోపలి పచ్చి గాయం మానుతూ ముడుచుకుంటుంది, దానితో రంధ్రమూ ముడుచుకుంటుంది. ఇక్కడ భౌతికశాస్త్రం కనికరం చూపదు. గుండ్రని సన్నని గొట్టంలో వ్యాసార్ధం సగమైతే నెమ్మదిగా సాగే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. ముక్కు అంత నున్నని గొట్టం కాదు, కానీ ఇరుకు చేసే నష్టం అలాంటిదే. పైగా ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. గోడలు మెత్తనివైతే లోపలికి కూలుతాయి. చూసేవారికి మనిషి ముఖం బాగుపడినట్టే ఉంటుంది, అతను మాత్రం రాత్రంతా నోటితో ఊపిరి తీస్తుంటాడు.

తీయనవసరం లేని ఆధారం శరీరంలోనే దొరికింది. అదే మృదులాస్థి. దానిలో రక్తనాళాలు ఉండవు. కణాలకు కావలసిన పోషకాలు చుట్టూ ఉన్న ద్రవం నుంచి ఇంకుతాయి కనుక, చోటు మార్చి పెట్టినా అది బతకగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులో హెరాల్డ్ గిల్లీస్ పక్కటెముక మృదులాస్థిని వాడాడు. దానికీ ఒక పేచీ ఉంది. చెక్కిన ముక్క పచ్చి చెక్కలా వంకర తిరుగుతుంది. రెండు వైపులా సమంగా చెక్కితే ఆ వంపు తగ్గుతుందని 1958లో గిబ్సన్, డేవిస్ చూపించారు.

1984లో అమెరికా వైద్యుడు జాక్ షీన్ మరో ఉపాయం ప్రచురించాడు. ముక్కు మధ్య గోడకూ పక్క మృదులాస్థికీ నడుమ అగ్గిపుల్ల లాంటి సన్నని ముక్కను దూర్చడం! మీరు వేలితో చేసిన పనిని ఆ ముక్క జీవితాంతం చేస్తూ ఉంటుంది. 1989లో బర్గెట్, మెనిక్ లోపలి పొరనూ ఆధారాన్నీ కలిపి నిర్మించే విధానాన్ని వివరించారు.

శస్త్రచికిత్స ఫలించిందో లేదో తెలుసుకోవడానికి 2004లో ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి వచ్చింది. ముక్కు బిగిసినట్టుందా, మూసుకుపోతోందా, ముక్కుతో ఊపిరి కష్టమా, నిద్ర పడుతోందా, కష్టపడి పని చేసేటప్పుడు గాలి చాలుతోందా అని అడుగుతారు. ముక్కు అందంగా ఉందా అన్న ప్రశ్న అందులో లేదు.