మా తాత కూలి లెక్క

విద్యానగర్‌ల రూము తీసుకొని బీఎడ్ చదివేటప్పుడు, చిక్కడపల్లి లైబ్రరీకి నడిచిపోయి రంగనాయకమ్మ 'పెట్టుబడి' పరిచయం చదివిన. నాయన కూలి ఎందుకు చాలదో అప్పుడు సమజైంది.

మార్క్స్ 1867లో రాసిన కార్మికుడు తన శ్రమశక్తిని ఈ యజమానికి కాకపోతే ఇంకో యజమానికి అమ్ముకుంటడు. అమ్ముకున్నంక యజమాని చేయించుకునే పనిలోనే దోపిడీ ఉన్నది. మరి అమ్ముకునే హక్కే లేని మా తాత ఆ లెక్కలో ఎక్కడ? నిజాం రాజ్యంలో మాదిగోడు దొరకు చెప్పులు కుట్టాలె, మోటకు తోలియ్యాలె, డప్పు కొట్టాలె. కూలి లేదు. దాని పేరు వెట్టి. ఏ పని చెయ్యాల్నో పుట్టుకే రాసిపెట్టింది.

1946-51 సాయుధ పోరాటం వెట్టిని దెబ్బకొట్టింది. 1950 రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. అయినా 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం చెయ్యాల్సొచ్చిందంటే, చాకిరి పోలేదన్నట్టే కదా!

అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చిండు: కులం పంచింది పనిని కాదు, పనిచేసేటోళ్లను, పంచి ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చింది.

మార్క్స్‌ను నేను పక్కన పెట్టను. బడిలో కూలి లెక్క చెప్పేటప్పుడు పిల్లల్ని రెండు ప్రశ్నలడుగుత. కూలి ఎంత? ఈ పని వీళ్లే ఎందుకు చేస్తున్నరు?