ఏ ఇంటి పిల్లలు ఏ బడికి?
అమెరికా బడి హద్దుల పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ ఇల్లు ఏ ఎలిమెంటరీ స్కూల్ కిందికి వస్తుంది?’ డాలస్ పక్కన ఫ్రిస్కోలోనైనా, న్యూజెర్సీ ఎడిసన్‌లోనైనా అదే మాట. అక్కడ ప్రభుత్వ బడిలో సీటు సాధారణంగా ఇంటి అడ్రసును బట్టి వస్తుంది. రోడ్డుకు ఇటుపక్క ఇళ్ల పిల్లలు ఒక బడికి, అటుపక్క ఇళ్ల పిల్లలు మరో బడికి వెళ్లాల్సి రావడం అక్కడ మామూలే. ఆ హద్దు గీసేది చాలా ఊళ్లలో ప్రజలు ఎన్నుకున్న స్కూల్ బోర్డు. ఒక బడి కిక్కిరిసి, పక్క బడిలో గదులు ఖాళీగా ఉంటే బోర్డు హద్దులు మార్చి పిల్లలను సర్దుతుంది. దీన్ని కొన్నిచోట్ల రీజోనింగ్ అని, కొన్నిచోట్ల రీడిస్ట్రిక్టింగ్ అని అంటారు. నోటీసు వచ్చిన రోజు నుంచి ఆ ఊళ్లో తల్లిదండ్రులు నలుగురు కలిస్తే ఇదే చర్చ.

పైకి ఇది సీట్ల లెక్క. కానీ పిల్లలకు బడిని దగ్గర చేయడానికి పుట్టిన ఈ హద్దును, కొందరు పిల్లలను దూరం పెట్టడానికి కూడా తరతరాలుగా వాడుకున్నారు. ఆ కథ తెలిస్తేనే ఈనాటి గొడవల లోతు అర్థమవుతుంది.

నడిచి వెళ్లేంత దూరం

1647లో మసాచుసెట్స్ కాలనీ ఒక చట్టం చేసింది. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ పిల్లలకు చదవడం, రాయడం నేర్పే మనిషిని పెట్టుకోవాలి. 100 కుటుంబాలుంటే గ్రామర్ స్కూల్ నడపాలి. బడి బాధ్యతను ఊరికి కట్టబెట్టిన తొలి చట్టాల్లో ఇదొకటి. 1785లో పడమటి భూములను కొలిచి అమ్మడానికి చేసిన ఆర్డినెన్స్ మరో అడుగు ముందుకు వేసింది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పుతో టౌన్‌షిప్పులు కొలిచి, ఒక్కోదాన్ని 36 భాగాలు చేసి, 16వ భాగాన్ని బడి ఖర్చుల కోసం కేటాయించారు. ఊరు పుట్టకముందే పటం మీద బడి వాటా తేలిపోయిందన్నమాట.

పల్లెల్లో ఒకే గది, ఒకే పంతులు ఉండే బడులు వెలిశాయి. పిల్లలు నడిచి రాగలిగినంత మేరే ఆ బడి పరిధి. 1837లో మసాచుసెట్స్ విద్యా మండలి తొలి కార్యదర్శి అయిన హొరేస్ మన్, ధనిక పేద తేడా లేకుండా ఊరి పిల్లలందరూ ఒకే బడిలో చదవాలనే వాదాన్ని దేశమంతా వినిపించాడు. 1869లో అదే రాష్ట్రం పిల్లలను బడికి చేర్చడానికి ప్రజాధనం ఖర్చు పెట్టవచ్చని చట్టం చేసింది. మొదట్లో గుర్రపు బళ్లు తిరిగాయి, తర్వాత మోటారు బస్సులు వచ్చాయి. 1939లో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు న్యూయార్క్‌లో ఏర్పాటు చేసిన సమావేశంలో స్కూల్ బస్సుకు పసుపు రంగు ఖాయమైంది.

బస్సు రాకతో నడక దూరమనే కొలత చెదిరిపోయింది. చిన్న బడులను మూసి, పెద్ద బడుల్లో కలిపారు. 1930ల మొదట్లో లక్షకు పైగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో స్కూల్ బోర్డు పాలించే పరిధులు, ఇప్పుడు సుమారు 13 వేలకు తగ్గాయి. పట్టణాల్లో మాత్రం నడక దూరం ఆదర్శంగా నిలిచింది. 1929లో క్లారెన్స్ పెర్రీ అనే ప్లానర్, పేటకు నడిబొడ్డున ఎలిమెంటరీ బడి ఉండాలని, చుట్టూ ఇళ్లు పావు మైలు మించకుండా ఉండాలని ప్రతిపాదించాడు. ఆ నమూనా తర్వాతి శివారు కాలనీల మీద బలమైన ముద్ర వేసింది.

సారా దాటి వెళ్లిన ఐదు బడులు

ఇదంతా ఈ హద్దు కథలో వెలుగు వైపు. చీకటి వైపు కూడా మసాచుసెట్స్‌లోనే మొదలైంది. బోస్టన్‌లో ఐదేళ్ల నల్లజాతి బాలిక సారా రాబర్ట్స్ ఇంటికి అతి దగ్గరి బడి సుమారు 900 అడుగుల దూరంలో ఉంది. నల్లజాతి పిల్లలకు కేటాయించిన బడి 2,100 అడుగుల దూరంలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే దారిలో తెల్లపిల్లల బడులు ఐదు దాటాలి. తండ్రి బెంజమిన్ రాబర్ట్స్ 1848లో కేసు వేశాడు. ఆయన తరఫున న్యాయవాది చార్ల్స్ సమ్నర్, నల్లజాతి న్యాయవాది రాబర్ట్ మారిస్ వాదించారు. అయినా ఓడిపోయారు. 1855లో రాష్ట్ర శాసనసభ బడుల్లో వర్ణభేదాన్ని నిషేధించింది. కానీ సారా కేసు తీర్పు చావలేదు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు వేరువేరు ఏర్పాట్లను సమర్థిస్తూ ఆ తీర్పునే ఉదాహరించింది.

సారా కేసు నడిచిన సుమారు నూరేళ్ల తర్వాత కాన్సస్ రాష్ట్రం టొపీకాలో అదే కథ నడిచింది. లిండా బ్రౌన్ ఇంటికి ఏడు వీధుల దూరంలో తెల్లపిల్లల బడి ఉంది. ఆమె మాత్రం రైలు పట్టాల పక్కగా నడిచి, బస్సెక్కి, మైలు దూరంలోని మన్రో స్కూల్‌కు వెళ్లాల్సి వచ్చేది. ఆమెను చేర్చుకోనన్న బడి పేరు సమ్నర్ ఎలిమెంటరీ. సారా కోసం కోర్టులో నిలబడిన చార్ల్స్ సమ్నర్ పేరే దానికి పెట్టారు. తండ్రి ఆలివర్ బ్రౌన్ పేరు మీద నడిచిన కేసులో 1954 మే 17న సుప్రీంకోర్టు బడుల్లో వర్ణభేదం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

చట్టంలోంచి పోయిన భేదం పటంలో మిగిలింది. ఇది దక్షిణాదికే పరిమితమైన జబ్బు కాదు. న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూ రోషెల్‌లో లింకన్ అనే బడి ఉండేది. 1930లో అక్కడి బోర్డు నల్లజాతి కుటుంబాలున్న వీధులు ఆ బడి కిందికే వచ్చేలా హద్దులను వంకరటింకరగా గీసిందని, ఆ పరిధిలో మిగిలిన తెల్లపిల్లలను వేరే బడులకు మారనిచ్చిందని 1961లో ఫెడరల్ జడ్జి ఇర్వింగ్ కాఫ్‌మన్ తీర్పు చెప్పాడు. అప్పటికి లింకన్‌లో నూటికి 94 మంది నల్లజాతి పిల్లలే. ‘నల్లవాళ్లు రాకూడదు’ అన్న బోర్డు గోడ మీద ఎక్కడా లేదు. ఆ పని పటం చేసింది.

షార్లెట్ తీర్పు

పిల్లలను కలపడానికి కూడా హద్దును వాడవచ్చని రుజువు చేసిన ఊరు నార్త్ కరోలైనాలోని షార్లెట్. ఆ కేసు వెనకున్న కుటుంబానికి మన దేశంతో సంబంధం ఉంది. డేరియస్ స్వాన్ అనే నల్లజాతి మిషనరీ భారతదేశంలో పనిచేసి, 1964లో కుటుంబంతో షార్లెట్ చేరాడు. ఆరేళ్ల కొడుకు జేమ్స్‌ను ఇంటి దగ్గర, తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదివే సెవర్స్‌విల్ బడికి పంపాలని ఆయన, భార్య వెరా అనుకున్నారు. బోర్డు మాత్రం నల్లజాతి పిల్లలే చదివే బిడిల్‌విల్ బడికి పొమ్మంది. 1965లో వాళ్లు కోర్టుకెక్కారు. వాళ్ల న్యాయవాది జూలియస్ చాంబర్స్ ఇంటి మీద అదే ఏడాది బాంబు దాడి జరిగింది. 1971లో ఆయన ఆఫీసుకు నిప్పు పెట్టారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

షార్లెట్‌లో అప్పటికి 14 వేల మంది నల్లజాతి పిల్లలు పూర్తిగానో, దాదాపు పూర్తిగానో నల్లజాతి పిల్లలే ఉన్న 21 బడుల్లో చదువుతున్నారు. జడ్జి జేమ్స్ మెక్‌మిలన్ హద్దులు తిరగరాయమన్నాడు. 1971 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయనను సమర్థించింది. పక్కపక్కన లేని పేటలను సైతం ఒక బడి కింద కలపవచ్చని, బస్సులు వాడవచ్చని చెప్పింది.

ఆ ప్రణాళికను దగ్గర నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఊరి నడిబొడ్డున ఉండే నల్లజాతి పిల్లలు 1 నుంచి 4 తరగతుల దాకా బస్సెక్కి శివారు బడులకు వెళ్లాలి. శివారు తెల్లపిల్లలు 5, 6 తరగతులకు మాత్రం ఊళ్లోకి రావాలి. ఒకరికి నాలుగేళ్ల ప్రయాణం, ఇంకొకరికి రెండేళ్లు. పైగా నాలుగేళ్ల వంతు పడింది మరీ చిన్నపిల్లలకు. న్యాయం కోసం గీసిన గీతలోనూ భారం సమానంగా పడలేదు. అయినా పిల్లలను కలపడంలో షార్లెట్ చాలాకాలం దేశానికి ఉదాహరణగా నిలిచింది. కోర్టు పర్యవేక్షణ ముగిశాక, 2002 నుంచి ఇంటి దగ్గరి బడి పద్ధతికి మళ్లగానే బడులు మళ్లీ వేరుపడసాగాయి.

కోర్టులు గీసిన గట్లు

1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు ఒక గట్టు వేసింది. నగరం తన బడుల్లో పాటించిన వర్ణభేదాన్ని సరిదిద్దడానికి, తప్పు చేసినట్టు రుజువుకాని 53 శివారు డిస్ట్రిక్టులను కలుపుకోవడం కుదరదని 5–4 మెజారిటీతో తేల్చింది. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ గట్టిగా అసమ్మతి రాశారు. అప్పటి నుంచి డిస్ట్రిక్టు లోపలి హద్దులు కదులుతున్నాయే గానీ, డిస్ట్రిక్టుల మధ్య గోడలు దాదాపు చెక్కుచెదరలేదు. స్తోమత ఉన్నవాళ్లు గోడ అవతలికి మకాం మార్చారు.

2007లో సియాటెల్, లూయీవిల్ కేసుల్లో, ఒక్కో పిల్లవాడి జాతి చూసి బడి కేటాయించడాన్ని కోర్టు కొట్టేసింది. అయితే ఆ ఫలితంతో ఏకీభవిస్తూనే విడిగా రాసిన జస్టిస్ కెనడీ ఒక దారి తెరిచి ఉంచారు. పేటల్లో ఎవరెవరు ఉంటున్నారో దృష్టిలో పెట్టుకుని హద్దులు గీయడం, కొత్త బడికి స్థలం ఎంచుకోవడం తప్పు కాదన్నారు. అందుకే ఈనాడు రీజోనింగ్‌కు అంత బరువు.

గీతకు వెల కూడా ఏర్పడింది. ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ మసాచుసెట్స్‌లో హద్దుకు ఇటూ అటూ ఉన్న ఇళ్ల ధరలను పోల్చి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ చెల్లిస్తున్నారని తేలింది. బోర్డు గీత జరిపితే పిల్లల బడితో పాటు పెద్దల ఆస్తి విలువ కూడా కదులుతుంది.

ఇప్పుడు ఎలా గీస్తున్నారు?

ముందు రాబోయే పిల్లల లెక్క వేస్తారు. ఐదేళ్ల కిందటి జననాల నుంచి ఈ ఏటి కిండర్‌గార్టెన్ అంచనా వస్తుంది. నిరుడు మూడో తరగతిలో ఉన్నవాళ్లలో ఎందరు నాలుగులోకి వచ్చారో చూసి రాబోయే ఏళ్లకు నిష్పత్తులు కడతారు. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, ఇళ్ల నుంచి ఎందరు పిల్లలు రావచ్చో వేరుగా లెక్కిస్తారు. ఒక్కో భవనంలో ఎన్ని సీట్లు, ఎంత శాతం నిండాయి అన్నది చూసి, ఊరిని చిన్న చిన్న ముక్కలు చేసి వాటిని ఒక బడి నుంచి మరో బడికి మారుస్తూ పటాలు తయారుచేస్తారు. ఆ తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. చివరి తరగతిలో ఉన్నవాళ్లను పాత బడిలోనే ఉండనివ్వడం లాంటి మినహాయింపులు అక్కడే తేలతాయి.

మేరీలాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో 2019లో ఇలాగే 5 వేలకు పైగా పిల్లలను మార్చారు. కిక్కిరిసిన బడులకు ఊరటనివ్వడంతో పాటు, పేద పిల్లలు కొన్ని బడుల్లోనే పోగుపడకుండా చూడటం కూడా లక్ష్యమని అధికారులు చెప్పారు. నెలల తరబడి నిరసనలు సాగాయి.

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఫ్రిస్కో జనాభా 2000లో 33 వేలు, 2020లో 2 లక్షలు. కొత్త బడి తెరిచినప్పుడల్లా హద్దులు కదలక తప్పలేదు. పక్కనే ఉన్న ప్లేనోలో ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. పిల్లల సంఖ్య తగ్గి, 2024లో అక్కడి బోర్డు నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. పిల్లలు పెరిగినా తరిగినా గీత జరగాల్సిందే.

మన దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. కొఠారి కమిషన్ (1964–66) ఇరుగుపొరుగు పిల్లలందరూ ఒకే బడిలో చదవాలని సూచించింది. 2009 విద్యాహక్కు చట్టం నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలన్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ‘పసిపిల్లలు అంత దూరం ఎలా నడుస్తారు?’ అన్నదే వాళ్ల ప్రశ్న. బోస్టన్‌లో బెంజమిన్ రాబర్ట్స్ అడిగిన ప్రశ్నలోనూ సగం అదే.

బడుల మధ్య సంఖ్యను సమం చేయడం తప్పు కాదు. బడి నిండిపోయి తాత్కాలిక ట్రెయిలర్ గదుల్లో ఇరుక్కున్న పిల్లలకూ, పిల్లల్లేక మూతపడబోయే బడికీ అది అవసరం. కానీ సంఖ్య ఒక్కటే చూసి గీసిన పటం మంచి పటమని చరిత్ర ఎక్కడా చెప్పలేదు. ఎవరి పిల్లలు దూరం వెళ్తున్నారు, మారిన ప్రతిసారీ ఆ వంతు ఒకే పేటకు పడుతోందా, ఏ బడిలో పేద పిల్లలు పోగుపడుతున్నారు అన్న మూడింటికీ జవాబు చెప్పగలిగినదే న్యాయమైన పటం. మీ ఊళ్లో, అది ఏ దేశంలోనిదైనా, బడి హద్దుల మీద విచారణ జరిగితే తప్పకుండా వెళ్లండి. మీ ఇంటి వైపు గీతను చూసుకున్నాక, అవతలి వైపు పిల్లల గురించీ ఒక ప్రశ్న అడిగి రండి.