పెట్రోలు సీసము జాడ తీసిన ట్యూరిన్ పరిశోధన

మోటారు ఇంజనులో పెట్రోలు వేళ తప్పి మండి దడదడ కొట్టుకొనకుండుటకు టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనము పనికివచ్చునని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనుగొనెను. కొలది కాలములోనే ఈ పెట్రోలు దేశదేశములకు వ్యాపించినది. బండ్ల పొగతో పాటు సన్నని సీసపు ధూళియు గాలిలో చేరసాగెను.

సీసము విషము, పసిపిల్లల మెదడునకు మరింత హాని. అయినను తగవు తెగలేదు. బొగ్గుపొగలో సీసము కలదు. లోహపు కొలుములలో, గోడల రంగులలో, పాత నీటి గొట్టములలో కలదు. మనిషి రక్తములోని సీసము పెట్రోలునుండియే వచ్చినదని చెప్పుట యెట్లు? రసాయన పరీక్షకు సీసమంతయు ఒక్కటే గదా!

అయితే సీసపు పరమాణువులన్నియు ఒకే భారము గలవి కావు. ప్రకృతిలో సీసమునకు 204, 206, 207, 208 అను నాలుగు ఐసోటోపులు కలవు. వీనిలో 206, 207 అనునవి రెండు విధముల యురేనియమునుండియు, 208 థోరియమునుండియు యుగయుగములుగా పుట్టుచున్నవి. సీసము ఖనిజముగా ఏర్పడి యురేనియమునుండి విడివడినంతనే ఈ పాళ్లు స్థిరపడును. కరగించినను, మండించినను పిమ్మట మారవు. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల ఖనిజము సుమారు 170 కోట్ల సంవత్సరముల నాటిది. 206 అంతగా పోగుపడకమునుపే అది విడివడినది. కావున అందలి 206ను 207చే భాగించిన 1.04 మాత్రమే వచ్చును.

1965లో చౌ, జాన్‌స్టోన్ అను శాస్త్రజ్ఞులు లాస్ ఏంజిలిస్ గాలిలోని సీసము అచ్చటి పెట్రోలు సీసమును పోలియున్నదని చూపిరి. పోలిక సాక్ష్యమే గాని ప్రయోగము కాదు. ఆ ప్రయోగము ఇటలీలో జరిగెను. ఐరోపా సముదాయపు ఇస్ప్రా పరిశోధనశాలయు, నాడు ప్రభుత్వపుదైన ఎని చమురు సంస్థయు పూనుకొని, 1975 నుండి పీడ్మాంట్ ప్రాంతపు పెట్రోలులో బ్రోకెన్ హిల్ సీసమును కలుపసాగిరి. 1977 నడుమ నుండి 1979 చివరి వరకు ప్రాంతమంతట అదియే వాడుక. బండి నడుపువానికి భేదమేమియు తెలియదు. ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరుకు మాత్రమే తెలియును.

అంతకుమునుపు అచ్చటి గాలిలో ఈ నిష్పత్తి సుమారు 1.18. గాలిలోని సీసమంతయు పెట్రోలుదే యైనచో అది 1.04కు, అనగా 0.14 మేర, తగ్గవలెను. ట్యూరిన్ నగరమున అది సుమారు 1.06కు దిగెను, తగ్గుదల 0.12. విద్యార్థులే లెక్క వేసికొనవచ్చును: నగరపు గాలిలోని సీసములో పదింట దాదాపు తొమ్మిది పాళ్లు పెట్రోలువే. 1980 నుండి పాత సీసము మరల రాగా నిష్పత్తియు వెనుకకు మరలెను.

రక్తపు లెక్క వేరు. నగరవాసుల రక్తములోని సీసమున సుమారు నాలుగవ వంతు పెట్రోలుదని తేలెను. పల్లెలలో ఇంకను తక్కువ. నాలుగవ వంతేనా యని త్రోసివేయరాదు. ఎముకలలో ఏండ్లతరబడి నిలిచిన పాత సీసము మెల్లమెల్లగా రక్తములోనికి వచ్చుచుండును. అందును పాత పెట్రోలు పాలు ఉండును గాని, దానికి బ్రోకెన్ హిల్ గుర్తు లేదు. కాబట్టి తేలిన పాలు కనీసపు లెక్కయే.

సీసపు పెట్రోలు అమ్మకము భారతదేశమున 2000లో నిలిచెను. 2021లో అల్జీరియాయు మానగా, రోడ్డు బండ్లకు దానిని అమ్ము దేశమేదియు మిగులలేదు.